అన్నిటికీ బుడ్డ అన్న ఒక్క మాటేనా?

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఏ ఊళ్ళో చూసినా, మగవాడికి గజ్జల కింద వాపు వస్తే దానికి ఒకటే పేరు: బుడ్డ. వృషణాల సంచిలో నీరు చేరినా బుడ్డే, పేగు జారినా బుడ్డే, నరాలు ఉబ్బినా బుడ్డే, పద్నాలుగేళ్ళ కుర్రాడికి తెల్లవారుజామున ఉన్నట్టుండి ప్రాణం పోయేంత నొప్పితో వాచినా బుడ్డే. కాస్త చదువుకున్నవాళ్ళు వరిబీజం అంటారు. వాళ్ళ ఉద్దేశంలోనూ అన్నీ కలిపి ఒక్కటే. ఆ మాట చెవిన పడ్డాక ఇంట్లో పెద్దవాళ్ళు అనేది కూడా ఒకటే: "బుడ్డ దిగింది కాబోలు, దానికేటవుద్ది, అదే తగ్గిపోద్దిలే."

ఆ ఒక్క మాట కింద కనీసం ఐదు జబ్బులున్నాయి. ఒకదానికి 6 గంటల గడువు. ఇంకొకటుంది, దాన్ని రెండేళ్ళు వాయిదా వేసినా ప్రాణం మీదికి రాదు. ఒకటి కేన్సరు. ఒకదానికి చాలామందిలో ఏ వైద్యమూ అక్కర్లేదు. అన్నిటికీ ఒకే పేరు పెట్టి, ఒకేలా సిగ్గుపడి, ఒకేలా పంచె కింద దాచేస్తున్నాం. తొందరపడాల్సినవాడు ఇంట్లో కూర్చుంటున్నాడు, తీరిగ్గా చూపించుకోవచ్చినవాడు భయంతో నాటువైద్యుడి చేత సూది పొడిపించుకుంటున్నాడు. ఏ జబ్బుకి ఏ పేరో తెలిస్తే ఈ రెండు తప్పులూ చాలావరకు ఆగుతాయని నా గట్టి నమ్మకం.

ముందు లోపల ఏముందో చెప్పుకోవాలి. బడిలో ఈ పాఠం సరిగ్గా జరగదు. పుస్తకంలో పక్కనుంచి కోసినట్టు గీసిన బొమ్మ, ముష్కం (వృషణం), శుక్రవాహిక (వీర్యకణాలు పోయే గొట్టం), పౌరుష గ్రంథి (ప్రోస్టేటు) అని బాణం గుర్తులు. చాలాచోట్ల మాస్టారు ఆ పేజీ గబగబా తిప్పేస్తారు. పిల్లలు నవ్వుతారని ఆయన భయం, మాస్టారు తిడతారని పిల్లల భయం. పైగా మామూలుగా ఆ బొమ్మల్లో గీయని పలచటి పొర ఒకటుంది. అసలైన బుడ్డ కథంతా ఆ పొరదే.

వృషణం పుట్టిల్లు ఈ సంచి కాదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు వృషణాలు నడుము లోపల, మూత్రపిండాల పక్కన తయారవుతాయి. ఏడో నెల నుంచి గజ్జల్లో ఉన్న ఏటవాలు సందులోంచి జారి, పుట్టే వేళకి సంచిలోకి చేరతాయి. అత్తారింటికి వచ్చిన ఆడపిల్ల పుట్టింటి సంబంధాలు వదులుకోనట్టే, ఇవి దిగేటప్పుడు తమ రక్తనాళాల్ని, నరాల్ని, లింఫు నాళాల్ని (ఒంట్లో ఊరిన తేట నీటిని మోసే సన్నటి గొట్టాల్ని) వెంట తెచ్చుకుంటాయి. అవన్నీ శుక్రవాహికతో కలిసి తాడులా పేనుకుని గజ్జల్లోంచి దిగుతాయి. ఆ తాడు చివర వేలాడే కాయ వృషణం. ఈ సంగతి గుర్తుంటే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. వృషణం మెలిపడితే నొప్పి పొట్టలో ఎందుకు తెలుస్తుంది? దాని నరాలు అక్కడివి కాబట్టి. వృషణంలో కేన్సరు పాకితే బిళ్ళలు గజ్జల్లో కాకుండా కడుపు లోపల, వెన్నుపూసకి ముందు ఎందుకు కడతాయి? దాని లింఫు అక్కడికే పోతుంది కాబట్టి. సిరలు (జనం నరాలనేవి ఇవే) ఉబ్బే జబ్బు ఎక్కువగా ఎడమవైపే ఎందుకు? ఎడమ సిర చాలా పైకి వెళ్ళి మూత్రపిండపు సిరలో అడ్డంగా కలుస్తుంది, కుడి సిర ఏటవాలుగా నేరుగా పెద్ద సిరలో కలిసిపోతుంది. ఎడమవైపు రక్తానికి పైకెక్కడం కష్టం.

ఇప్పుడు ఆ పొర సంగతి. వృషణం దిగేదారిలో, పేగుల్ని కప్పి ఉండే సన్నటి పొర వేలితొడుగులా కిందికి సాగుతుంది. వృషణం దిగాక ఆ తొడుగు పైభాగం మూసుకుపోతుంది. అడుగున మిగిలిన ముక్క వృషణాన్ని ముందునుంచి, పక్కలనుంచి చుట్టుకుని రెండు పొరల సంచిగా ఉండిపోతుంది. పలచటి పాలిథీన్ కవరులో అర చెంచా నూనె వేసి, గాలి లేకుండా మూతి కట్టి, దాని మీద నిమ్మకాయ నొక్కి కవరుని చుట్టూ పైకి లాగండి. కాయకి అంటుకుని ఒక పొర, బయట ఒక పొర, మధ్యలో జారుడు. ఆ జారుడు ఉండబట్టే పరిగెత్తినా, సైకిలు తొక్కినా వృషణం ఒరుసుకోదు. ఈ పొరలో నీరు ఊరుతూ ఉంటుంది, ఇంకుతూ ఉంటుంది. రెండూ సమానంగా ఉన్నంతకాలం లోపల ఉండేది కొద్ది మిల్లీలీటర్లే. కాలువకి చెత్త అడ్డుపడితే వీధిలో నీళ్ళు నిలిచినట్టు, ఇంకడం తగ్గినా, ఊరడం ఎక్కువైనా నీరు నిలుస్తుంది. అదే వరిబీజం. వరిబీజం అంటే వృషణం పెరగడం కాదు, దాని చుట్టూ నీరు చేరడం.

వృషణం మామూలు కొలత 4 నుంచి 5 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు. ఎడమది కాస్త కిందికి ఉండటం చాలామందిలో సహజం. లోపల దారాల్లాంటి వందల నాళికల్లో వీర్యకణాలు తయారవుతాయి, ఒక్కో విడత తయారీకి రెండు నెలల పైన పడుతుంది. అవి పక్వానికి వచ్చేది వృషణం వెనక అంటుకుని ఉండే ఎపిడిడిమిస్‌లో. విప్పి కొలిస్తే దాదాపు 6 మీటర్లుండే గొట్టం అక్కడ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. చేతికి అది మెత్తటి తాడు ముద్దలా తగులుతుంది. మొదటిసారి తడుముకున్న కుర్రాళ్ళు దాన్నే గడ్డ అనుకుని హడలిపోతారు. వెనకవైపు, రెండుపక్కలా ఒకేలా ఉంటే అది గడ్డ కాదు. వీర్యకణాల తయారీకి ఒంటి వేడి కన్నా 2, 3 డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే ఈ సంచి ఒంటికి బయట ఉంది, ఎండలో జారుతుంది, చలిలో ముడుచుకుంటుంది.

మన వైపు నీరు ఇంకే దారికి అడ్డుపడేది చాలాసార్లు బోద పురుగు. దారమంత సన్నం. ఆడది 8 నుంచి 10 సెంటీమీటర్లు, మగది 4 సెంటీమీటర్లు. మురుగునీళ్ళలో, నిండిన సెప్టిక్ గుంటల్లో, కుళ్ళు పట్టిన చెరువుల్లో గుడ్లు పెట్టే క్యూలెక్స్ దోమ కుట్టి దీన్ని మోసుకొస్తుంది. ఒకటి రెండు కాట్లకి వచ్చేది కాదు, నెలలు, ఏళ్ళ తరబడి కుట్టించుకుంటేనే. మగవాళ్ళలో పెద్ద పురుగులు ఎక్కువగా గూడు కట్టేది వృషణపు తాడులో ఉన్న లింఫు నాళాల్లో. అల్ట్రాసౌండులో అవి నాళం లోపల మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. 6 నుంచి 8 ఏళ్ళు బతుకుతాయి. అన్నాళ్ళూ నాళం ఉబ్బి, గోడలు పాడై, లింఫు ప్రవాహం మందగిస్తుంది. మధ్యమధ్య చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ, తాడు పొడుగునా నొప్పి వచ్చి, నాలుగైదు రోజులకి తగ్గుతాయి. నొప్పి తగ్గింది కదా అని మరిచిపోతారు, నీరు మాత్రం మెల్లగా చేరుతూ ఉంటుంది. బోద అంటే మనకి కాలే గుర్తుకొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో బోద వల్ల కాళ్ళూ చేతులూ వాచినవాళ్ళు కోటిన్నర పైన ఉంటే, వరిబీజం ఉన్న మగవాళ్ళు 2 కోట్ల 50 లక్షలు. కాలు అందరికీ కనిపిస్తుంది, ఇది కనిపించదు.

బోద ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ పంచే మాత్రల గురించీ ఇక్కడే చెప్పాలి. 2004 నుంచి దేశంలో బోద ఉన్న జిల్లాల్లో ఏటా ఒకసారి డీఈసీ అనే బోద మందు, తర్వాత దానితో నులిపురుగుల మందు ఆల్బెండజోల్ కూడా కలిపి ఇచ్చే కార్యక్రమం నడిచింది. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకి డీఈసీ 300 మిల్లీగ్రాములు, ఆల్బెండజోల్ 400. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, మంచం పట్టిన రోగులకి ఇవ్వరు. కొన్ని జిల్లాల్లో మూడో మందుగా ఐవర్‌మెక్టిన్ కలిపారు. ఈ మాత్రలు రక్తంలో తిరిగే పిల్ల పురుగుల్ని చంపుతాయి, పెద్దవాటిలో కొన్నిటిని చంపుతాయి. మింగిన రాత్రి కొందరికి జ్వరం, తల తిరుగుడు, ఇంకొందరికి తాడు మీద నొప్పి పెట్టే చిన్న గడ్డ వస్తాయి. చాలాసార్లు అది లోపల పురుగు చావడం వల్ల వచ్చే బాధే. "మాత్రలేసుకుంటే జ్వరమొచ్చింది, ఇంకెప్పుడూ ఏసుకోను" అనేవాడికి పురుగు ఉండే అవకాశం ఎక్కువ, మాత్ర అవసరమూ ఎక్కువ. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అప్పటికే నిండిన బుడ్డని ఈ మాత్రలు తగ్గించవు. మాత్రలు మింగినా బుడ్డ పోలేదని జనం తిట్టుకుంటే అది మందు తప్పు కాదు, మనకి సరిగ్గా చెప్పనివాళ్ళ తప్పు.

ఇక వాపు ఏదో ఇంట్లోనే కొంతవరకు పోల్చుకోవచ్చు. రెండు పరీక్షలు చాలు, చేతులూ సెల్‌ఫోనూ ఉంటే చాలు. గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేశాక సంచి జారి ఉంటుంది, అప్పుడు నిలబడి చూసుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు వాపు పైభాగంలో, గజ్జల దగ్గర పెట్టి మెల్లగా దగ్గరికి తెండి. వేళ్ళ మధ్య తాడు మాత్రమే సన్నగా తగిలి, వాపంతా వేళ్ళకి కిందే ఉండిపోతే అది సంచిలో పుట్టిన వాపు. వేళ్ళు కలవకుండా వాపు గజ్జల్లోకి, పొట్టలోకి కొనసాగుతూ ఉంటే అది పేగు జారిన హెర్నియా. అలాగే ఉంచి దగ్గితే వేళ్ళకి తోపు తగులుతుంది. పడుకుంటే చాలావరకు లోపలికి పోతుంది, నిలబడితే దిగుతుంది.

రెండోది దీపం పరీక్ష. గది తలుపులు, కిటికీలు మూసి చీకటి చేయండి. పాత క్యాలెండరు కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస వాపుకి ఆనించండి, రెండో కొసకి కన్ను పెట్టండి. ఫోను లైటు వేసి వాపుకి అవతలివైపు చర్మానికి తగిలేలా పట్టుకోండి. లోపల తేట నీరుంటే వాపంతా ఎర్రగా, లాంతరు గాజులా వెలుగుతుంది, వెనకవైపు ఒకచోట మాత్రం నల్లటి నీడ కనిపిస్తుంది. ఆ నీడ వృషణం. వెలగకపోతే లోపల ఉన్నది పేగు కావచ్చు, రక్తం కావచ్చు, గట్టి గడ్డ కావచ్చు. బోదలో కొన్నిసార్లు పాలలాంటి లింఫు చేరుతుంది, అదీ వెలగదు. ఏళ్ళ తరబడి ఉండి గోడ మందమైన బుడ్డా వెలగదు. నెలల పిల్లల్లో పేగు గోడ పలచన కాబట్టి హెర్నియా కూడా వెలుగుతుంది, అక్కడ ఈ పరీక్షని నమ్మకూడదు. దీపం వెలిగినా స్కాను మానకూడదు. వృషణంలో గడ్డ ఉన్న కొందరికి చుట్టూ నీరు కూడా చేరుతుంది, నీటి చాటున గడ్డ చేతికి తగలదు. ముఖ్యంగా నలభైలోపు వాళ్ళు ఆపరేషనుకి ముందు అల్ట్రాసౌండు చేయించుకుని తీరాలి.

హెర్నియా గురించి ఒక్క హెచ్చరిక. రోజూ లోపలికి పోయే వాపు ఒకరోజు పోకుండా గట్టిపడి, నొప్పెట్టి, వాంతులై, గాలి కూడా పోకపోతే పేగు ఇరుక్కుంది. తోయకండి, కాపడం పెట్టకండి, అరగంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది వృషణం మెలిపడటం. ఇది పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల్లో ఎక్కువ. కొందరిలో ఇందాక చెప్పిన పొర వృషణాన్ని వెనకనుంచి కూడా పూర్తిగా చుట్టేస్తుంది. అప్పుడు అది గోడకి అంటుకోకుండా గుళ్ళో గంట నాలుకలా వేలాడుతుంది. నిద్రలోనో, కబడ్డీలోనో, చలికి సంచి గట్టిగా ముడుచుకున్నప్పుడో గిర్రున తిరుగుతుంది. తాడు మెలిపడి ముందు సిర మూసుకుంటుంది, తర్వాత ధమని. రక్తం ఆగిన కాయ నల్లబడటం మొదలవుతుంది. 6 గంటలలోపు మెలి విప్పితే పదిమందిలో తొమ్మిదిమందికి వృషణం దక్కుతుంది. 12 గంటలకి సగం మందికి. 24 గంటలు దాటాక దక్కేది అరుదు.

ఇక్కడే బుడ్డ అన్న ఆ మాట కొంప ముంచుతుంది. కుర్రాడు తల్లికి చెప్పేది "అమ్మా, కడుపు నొప్పి." కింద నొప్పి అని చెప్పడానికి సిగ్గు. రెండు వాంతులవుతాయి. అజీర్తి అనుకుని వాము నీళ్ళు తాగిస్తారు. మధ్యాహ్నానికి వాపు బయటపడితే బుడ్డ అనుకుంటారు. ఊళ్ళో వైద్యం చేసేవాడు ఇన్ఫెక్షను అని సూది వేసి మాత్రలిస్తాడు. నొప్పి కాస్త తగ్గుతుంది, గడియారం మాత్రం ఆగదు. మర్నాడు ఆసుపత్రికి చేరేసరికి చేసేదేమీ ఉండదు, తీసేయాలి. మగపిల్లవాడికి ఉన్నట్టుండి పొత్తికడుపు నొప్పి, వాంతి వస్తే ఆ పిల్లాడి బట్ట విప్పి చూడాలి. తండ్రి చూడాలి, తండ్రి వలస పోయి ఉంటే మేనమామో బాబాయో చూడాలి, ఎవరూ లేకపోతే తల్లే చూడాలి. నొప్పి ఉన్నవైపు వృషణం పైకి లాక్కుపోయి, అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. మామూలుగా తొడ లోపలివైపు వేలితో మెల్లగా గీస్తే అటువైపు వృషణం పైకి కదులుతుంది. మెలిపడినప్పుడు సాధారణంగా కదలదు. ఈ గుర్తులు కనపడకపోయినా అనుమానం చాలు.

అప్పుడు ఏం చేయాలంటే, మొదట నొప్పి మొదలైన సమయం కాగితం మీద రాయండి. పిల్లాడికి తిండి, నీళ్ళు, టీ ఏమీ ఇవ్వకండి. కడుపు ఖాళీగా ఉంటే మత్తు తొందరగా ఇవ్వగలుగుతారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ ఆపరేషను జరగదు, అక్కడ ఆగి రెండు గంటలు పోగొట్టుకోకండి. సర్జనూ మత్తు డాక్టరూ ఉన్న దగ్గరి ఆసుపత్రికి ఫోను చేసి, ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి. కవిటి, సోంపేట, మందస వైపువాళ్ళకి శ్రీకాకుళం పెద్దాసుపత్రి (జనం రిమ్స్ అనేది) దాకా ప్రయాణమే గంటల్లో పని, అందుకే ఫోను ముఖ్యం. సర్జను మెలి విప్పి, రంగు తిరిగి వస్తుందో లేదో చూసి, వృషణాన్ని గోడకి కుట్టేస్తాడు. రెండోవైపు కూడా కుట్టేయాలి, ఆ లోపం సాధారణంగా రెండుపక్కలా ఉంటుంది. రెండోవైపు ఎందుకు కోశారని డాక్టరు మీద అనుమానపడకండి.

మిగతావి క్లుప్తంగా. ఎడమవైపు సంచిలో ఉడికిన సేమ్యా ముద్దలా చేతికి తగిలి, నిలబడితే పెరిగి పడుకుంటే పోయేది వేరికోసీల్, అంటే సిరలు ఉబ్బడం. నొప్పి, పిల్లలు కలగకపోవడం, ఎదిగే కుర్రాడిలో వృషణం చిన్నదైపోవడం ఉంటేనే ఆపరేషను ఆలోచిస్తారు. పడుకున్నా తగ్గకపోయినా, కుడివైపు ఒక్కదానికే కొత్తగా వచ్చినా కడుపు స్కాను చేయించాలి, మూత్రపిండంలో గడ్డ సిరని నొక్కుతూ ఉండవచ్చు. రెండు మూడు రోజుల మీద మెల్లగా పెరిగిన నొప్పి, జ్వరం, మూత్రంలో మంట ఎపిడిడిమిస్ వాపుకి గుర్తులు. పడుచువాళ్ళలో అది తరచుగా సుఖవ్యాధుల వల్ల వస్తుంది, అప్పుడు భార్యకీ మందు వాడాలి. పెద్దవాళ్ళలో మూత్రంలో చేరిన క్రిముల వల్ల వస్తుంది. నొప్పి లేకుండా వృషణంలోనే రాయిలాంటి గడ్డ తగిలితే, వయసు ఇరవై, ముప్ఫై అయినా సరే, కేన్సరు కాదని తేలేదాకా కేన్సరనే అనుకోవాలి. మొదట్లోనే పట్టుకుంటే నూటికి తొంభైమందికి పైగా నయమవుతుంది. దాన్ని గజ్జల్లోంచి కోసి తీస్తారు. సంచిలోకి సూది పొడిస్తే కేన్సరుకి కొత్త దారి తెరిచినట్టే.

సూది మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, బుడ్డ నీరు సూదితో లాగించుకోకండి. గోడ అలాగే ఉంది, ఊరడం ఆగలేదు, నీరు మళ్ళీ చేరుతుంది. మురికి సూదితో చీము పడుతుంది, నాళం తెగితే నీటి స్థానంలో రక్తం నిండుతుంది. నాలుగుసార్లు పొడిపించుకున్న సంచి పొరలన్నీ అతుక్కుపోయి, తర్వాత చేసే ఆపరేషను కష్టమవుతుంది. ఆకు కట్టడం, వాత పెట్టడం గురించి చెప్పేదేముంది, ఆ చర్మం కాలితే మానడానికి నెలలు పడుతుంది.

ఆపరేషను అసలు ఎలా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. ముందురోజు షుగరు, బీపీ, రక్తం, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష) చూస్తారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపువాళ్ళు క్రియాటినిన్ తప్పకుండా అడిగి చూపించుకోవాలి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు ఆపరేషను తర్వాత డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. నడుముకి మత్తు సూది ఇస్తారు, లేదా తాడు దగ్గర మాత్రమే మత్తు ఇస్తారు. సంచి చర్మం మీద వేలెడు పొడుగున కోస్తారు. ఉల్లిపొరల్లా ఒకటి తర్వాత ఒకటి విడదీస్తే నీలంగా మెరిసే తిత్తి కనిపిస్తుంది. చిన్న గాటు పెట్టగానే తేనెరంగు నీరు చిమ్ముతుంది. పాత బుడ్డల్లో అర లీటరు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ ఉంటుంది. తిత్తి విప్పితే అడుగున వృషణం ముత్యం రంగులో, చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. బోద బుడ్డల్లో తిత్తి గోడ తోలులా మందంగా ఉంటుంది, దాన్ని వృషణం చుట్టూ సెంటీమీటరు అంచు వదిలి కోసేస్తారు. గోడ పలచగా ఉంటే కోయకుండా వెనక్కి తిప్పి కుట్టేసే పద్ధతి ఉంది, కాని బోద వల్ల వచ్చినదానికి మొత్తం తీసేయడమే మేలు, తిరగబెట్టే అవకాశం తక్కువ. అంచు పొడుగునా రక్తం కారే చోట్లన్నీ మూసి, సన్నటి గొట్టం పెట్టి కుట్టేస్తారు. అంతా కలిపి గంట లోపు పని.

తర్వాత చెడిపోయేది ఎక్కువగా రక్తం గూడు కట్టడం వల్ల. ఆ సంచి చర్మం వదులుగా ఉంటుంది, లోపల చిన్న నాళం కారుతున్నా నొక్కి ఆపే కండ ఏదీ లేదు. అందుకే మొదటి రెండు రోజులు పడుకుని, కింద తువ్వాలు చుట్ట పెట్టి సంచిని ఎత్తి ఉంచాలి. లేచినప్పుడు లంగోటీ గానీ బిగువైన డ్రాయరు గానీ వేసుకోవాలి. గొట్టం ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. గంటగంటకీ పెరిగే వాపు, నల్లగా బిగుసుకుపోయిన చర్మం, జ్వరం, చీము వాసన వస్తే వెంటనే వెనక్కి వెళ్ళాలి. షుగరు ఉన్నవాళ్ళలో సంచి చర్మం నల్లబడి కుళ్ళు వాసన వస్తే రాత్రనీ పగలనీ చూడకూడదు. ఇవేవీ లేకుండా గట్టిగా వాచి ఉంటే కంగారొద్దు, ఆ గట్టిదనం కరగడానికి వారాలు పడుతుంది. "ఆపరేషనయ్యాక బుడ్డ మళ్ళీ వచ్చేసింది" అని పదో రోజున బెంగపెట్టుకునేది చాలాసార్లు ఈ వాపు చూసే. నెలరోజులు బస్తాలు మోయకూడదు, వలలు లాగకూడదు. కూలి పోతుంది, నిజమే. అందుకే నాట్లకి ముందో, కోతలయ్యాకో, చేపల వేట నిషేధం ఉండే రోజుల్లోనో పెట్టుకోండి. బుడ్డ అంతవరకు ఆగుతుంది.

మగతనం పోతుందన్న భయానికి జవాబు శరీర నిర్మాణంలోనే ఉంది. కోసేది చుట్టూ ఉన్న తిత్తినే. మగతనపు హార్మోను వృషణం లోపల తయారై నేరుగా రక్తంలో కలుస్తుంది. అంగస్తంభనకి కావాల్సిన నరాలు పౌరుష గ్రంథి పక్కనుంచి వస్తాయి, సంచిలోంచి రావు. పెద్ద బుడ్డ ఉన్నవాడికి అంగం ఆ వాపులో కూరుకుపోయి కాపురం కష్టమవుతుంది, ఏళ్ళ తరబడి నీటి ఒత్తిడికి వృషణం చిక్కిపోవచ్చు. మగతనం గురించి బెంగ ఉంటే ఆపరేషను చేయించుకోవడానికే అది కారణం.

మగబిడ్డ పుట్టిన ఇంటివాళ్ళకి రెండు మాటలు. పసివాడి సంచిలో నీరుండి, పొద్దున్న తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా కనిపిస్తే పై తొడుగు ఇంకా మూసుకోలేదని. చాలామందిలో ఏడాది, రెండేళ్ళలో దానంతటదే మూసుకుంటుంది, ఆగండి. రెండోది, స్నానం చేయించేటప్పుడు సంచిలో రెండు వృషణాలూ ఉన్నాయో లేదో తడిమి చూడండి. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ముగ్గురికి ఒకటి దిగి ఉండదు. ఆరు నెలలదాకా దిగకపోతే ఇక దిగడం అరుదు. ఏడాది, ఏడాదిన్నర లోపు ఆపరేషను చేసి దింపాలి. "పెద్దయ్యాక దిగిపోద్దిలే" అని పెళ్ళీడుదాకా ఆగితే పిల్లలు పుట్టే శక్తి తగ్గుతుంది, కేన్సరు ముప్పు పెరుగుతుంది.

ఆసుపత్రికి వెళ్ళాక ఓపీ దగ్గర బుడ్డ అని చెప్పి ఊరుకోకండి. సర్జరీ డాక్టరుకి చీటీ రాయించుకుని, కుడివైపా ఎడమవైపా, ఎన్నాళ్ళ నుంచి, పడుకుంటే తగ్గుతుందా, దగ్గితే పెరుగుతుందా, వాపు మీదికి వేళ్ళు అందుతున్నాయా, బోద మాత్రలు ఎప్పుడు మింగారు, ఇంతకుముందు సూది పొడిపించుకున్నారా, ఇవన్నీ చెప్పండి. బోద ఉందేమో చూడటానికి వేలు పొడిచి తీసే రక్తం రాత్రి 10 దాటాక తీయాలి, ఆ పిల్ల పురుగులు పగలు రక్తంలోకి దాదాపు రావు. పగటి పరీక్షలో లేదని వచ్చిందంటే అడిగి మళ్ళీ రాత్రి చేయించుకోండి. నొప్పితో వెళ్ళినవాళ్ళు మాత్రం పేరు, ఊరు కన్నా ముందు నొప్పి ఎన్నింటికి మొదలైందో చెప్పండి.